ముసలి ఏనుగులకు సిరొంచలో షెడ్డు కట్టాలా, కమలాపూర్ అడవిలోనే ఉంచాలా?

ప్రాణహిత ఒడ్డు:
పని మానేసిన ముసలి ఏనుగుల కోసం సిరొంచ రోడ్డు పక్కన ఒక ఆశ్రయం కట్టాలని మా కుర్రాళ్లం కొందరం అనుకుంటున్నాం. తెలిసినాయన నాలుగెకరాలు ఇస్తానన్నాడు. రేకులు, బోరు, మేస్త్రీ పని మేమే చూసుకుంటాం. ఆలాపల్లి అడవుల్లో టేకు దుంగలు లాగిన జీవాలవి. ముసలితనంలో వాటికి డాక్టరు త్వరగా అందాలి. అవి ఉండే కమలాపూర్ క్యాంపు, అంటే మా గడ్చిరోలి జిల్లాలో (మహారాష్ట్ర) అటవీ శాఖ నడిపే ఏనుగుల క్యాంపు, అడవి లోపలుంది, వానాకాలంలో దారి కష్టం. మీరేమంటారు?

ఆలాపల్లి పాతకాపు:
తమ్మీ, మీ మనసు మంచిది. షెడ్డు మాత్రం వద్దు.

ఏనుగు ముసలిదైతే ముందు పోయేవి పళ్లు, పాదాలు. దానికి జన్మలో ఆరు జతల దవడ పళ్లే వస్తాయి. అరవై ఏళ్ల ప్రాంతంలో చివరి జత అరిగితే గడ్డి నమలలేదు, ఎంత తిన్నా బక్కచిక్కిపోతుంది. అప్పుడు మేత చిన్నగా తరిగి పెట్టాలి, అన్నం ముద్దలు చేసి తినిపించాలి. ఇది చారాకటర్ (మేత కోసి పెట్టే, మావటికి సాయపడే మనిషి) పని, రేకుల పని కాదు. ఇక పాదాలు. సిమెంటు గచ్చు మీద తన మూత్రంలోనే గంటల తరబడి నిలబడితే గోళ్లు చీలి చీము పడతాయి. కమలాపూర్‌లో ప్రతి చలికాలం కొన్ని రోజులు సందర్శకులను ఆపి, వనమూలికలు మరిగించి వేడివేడిగా పాదాలకు చోపింగ్ (కాపడం) చేస్తారు. ఆ చేతివాటం మావటీలకే తెలుసు. మీరు ఏనుగును తెస్తారు సరే, మావటి కుటుంబాన్ని కూడా తెస్తారా?

రోజుకు వంద, నూటయాభై కిలోల మేత. నాలుగెకరాల్లో ఎన్నాళ్లు వస్తుంది?

చెన్నూరు రవాణా:
అన్నా, మీరన్నట్టయితే ఎక్కడా ఆశ్రయం కట్టకూడదు. 1998లో పులులు, సింహాలు, ఎలుగులతో సర్కస్ ఆటలు ఆడించవద్దని కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఆ జంతువులను విశాఖ, తిరుపతి జూల రెస్క్యూ కేంద్రాల్లో చివరిదాకా సాకారు కదా. కమలాపూర్‌లో గున్నలు చనిపోయిన సంగతి మరిచారా? డాక్టరు దగ్గర్లో ఉంటే ఒకటైనా బతికేదేమో.

ఆలాపల్లి పాతకాపు:
మరువలేదు. ఆ గున్నల మాటొస్తే ఇప్పటికీ గుండె పిండినట్టు అవుతుంది. అందుకే డాక్టరును క్యాంపులోనే పెట్టమని అడగాలి. 2022లో ఏనుగులను గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు పంపుతారన్నప్పుడు ఊళ్లకు ఊళ్లు ఎదురు తిరిగాయి. ఆ పట్టుదల డాక్టరు కోసం ఎందుకు చూపలేదు? సర్కస్ సింహానికి ఎన్‌క్లోజరు చాలింది, రోజంతా పడుకునే జంతువది. ఏనుగు నడవాలి, మట్టి పూసుకోవాలి, తోటి ఏనుగు పక్కన ఉండాలి. ఏళ్లుగా కలిసి మేసిన వాటిలో ముసలిదాన్ని ఒక్కదాన్నే విడదీసి రోడ్డు పక్కకు తేవడం నాకు అస్సలు ఒప్పదు. పైగా రోడ్డంటే జనం. క్షయ మనిషి నుంచి ఏనుగుకు అంటుతుంది.

కాగజ్‌నగర్ రైతు:
మా బాధ కూడా వినండి. 2024 ఏప్రిల్‌లో ప్రాణహిత దాటి వచ్చిన అడవి ఏనుగు మా ఆసిఫాబాద్ జిల్లాలో ఇద్దరు రైతులను చంపింది. గడ్చిరోలికి 2021లో ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి మంద వచ్చింది. క్యాంపు ఆడ ఏనుగుల కోసం అడవి మగ ఏనుగులు వస్తుంటాయి. ఊరి పక్కన ఆశ్రయం అంటే మిర్చి చేలల్లో రాత్రి కాపలా ఎవరుంటారు?

అహేరి వకీలు:
ఒక సంగతి. 1972 వన్యప్రాణి చట్టంలో ఏనుగు షెడ్యూల్ ఒకటి జంతువు, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. అటవీ శాఖ ఏనుగును స్థలం ఉందని మీరు తెచ్చుకోలేరు. రెస్క్యూ కేంద్రానికి సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు కావాలి. రేకులు కొనకముందే వెళ్లి డివిజన్ అధికారిని కలవండి.

ప్రాణహిత ఒడ్డు:
కాకా, సార్, విన్నాను. ఆ నాలుగెకరాల్లో నేపియర్ గడ్డి, చెరకు వేసి క్యాంపుకు ట్రాక్టరులో పంపితే తీసుకుంటారా? ఎండాకాలం మేత దొరకనప్పుడు పనికొస్తుంది. కానీ డాక్టరు విషయంలో నా మాట మారదు. వాగు పొంగిన రాత్రి ముసలి ఏనుగు కూలబడితే ఎవరొస్తారు?

ఆలాపల్లి పాతకాపు:
పచ్చిమేత ఎప్పుడూ కావలసిందే. మందులు కొట్టకుండా పెంచండి. ఎవరొస్తారన్నదానికి నా దగ్గర జవాబు లేదు తమ్మీ. పశువైద్యుడు వానాకాలం నాలుగు నెలలు క్యాంపులోనే ఉండాలని అర్జీ రాయండి. మొదటి సంతకం నాది.