తల తోక ‘యనక’నా, ‘యనగ’నా?

గోదారిగట్టు: సుమతీ శతకంలో పాముకి తలలో, తేలుకి తోకలో, ఖలుడికి (దుర్మార్గుడికి) నిలువెల్లా విషం అనే పద్యం. మూడో పాదం "తల తోక యనక యుండును" అని బడిలో చదివాను. మా మేనత్త ‘యనగ’ అని పాడేది. ఏది సరి? బ్రెజిల్ సిసీలియన్ గురించి చదువుతుంటే గుర్తొచ్చింది. కాళ్ళు లేకుండా మట్టిలో దూరి బతికే ఉభయచరం. తోక చర్మంలో విషగ్రంథులు గుంపుగా ఉన్నాయని 2018లో, నోట్లో పళ్ళ మొదట్లో కూడా ఏవో గ్రంథులున్నాయని 2020లో అక్కడి బుటాంటన్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు రాశారు. బద్దెన చూడని ఖలుడు!

కందప్రియ: ‘కయనక’, ‘కయనగ’ రెండూ నలమే, అంటే నాలుగు లఘువుల గణమే. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. అర్థాన్ని బట్టి ‘యనక’. పగలనక రాత్రనక అనమూ?

పాతపుస్తకం: ‘యనగ’ని అంత తేలిగ్గా కొట్టెయ్యకండి. తల, తోక అని చెప్పుకునేవన్నీ విషమే అని అన్వయం కుదురుతుంది. అన్నట్టు, రెండో పాదం "వెలయంగ తోక" అని రాసేవాళ్ళు ముందు అది దిద్దుకోవాలి. ‘గా’ దీర్ఘం పోతే గణం కూలుతుంది.

కప్పలమేడం: ఆ జీవి సైఫనాప్స్ యాన్యులేటస్. తల చర్మంలో జిగురు గ్రంథులు ఎక్కువ, మట్టిలోకి జారడానికి. తోక దగ్గర విషం, సొరంగంలో వెంటపడ్డవాడికి. నడిమి ఒంట్లో రెండు రకాలూ ఉంటాయి, కాబట్టి "నిలువెల్ల" అన్నా పెద్ద తప్పు లేదు. నోటి స్రావంలో పాము విషాల్లో ఉండే ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైమ్ లాంటి చర్య కనిపించింది, అంతే. కరిస్తే విషమెక్కుతుందని తేలలేదు.

కందప్రియ: అందుకే నాకు వేమన ఇష్టం. పాముకు పళ్ళలో, తేలుకు కొండిలో అని చోటు చూపించాడు. బద్దెనలా "తల" అని టోకున చెప్పలేదు.

పాతపుస్తకం: పళ్ళు దారి మాత్రమేనండీ. విషం తయారయ్యే గ్రంథి తలలోనే, కంటి వెనక. బద్దెనదే గెలుపు.

కందప్రియ: ముందు అది బద్దెన రాసిందేనా? శతకం ఆయనదేనని మీరు ఒప్పేసుకున్నారా?

గోదారిగట్టు: అయ్యా, యనకనా యనగనా?

కప్పలమేడం: ఏదైనా సరే, దాన్ని ఖలుడనకండి. తల్లి తన చర్మాన్నే పిల్లలకు తినిపిస్తుంది. పాలలాంటి ద్రవం కూడా పడుతుందని 2024లో బయటపడింది.

పాతపుస్తకం: పాల సంగతి సరే మేడం. ఎవరి దగ్గరైనా పాత ముద్రణ ఉంటే ఆ మూడో పాదం ఫొటో పెట్టండి.