రిపోర్టులో అంకె తక్కువుంటే ఫిట్స్ మాత్ర డోసు పెంచాలా?

పర్లాకిమిడి అన్నయ్య:
మా తమ్ముడికి 34 ఏళ్లు. రోజూ రాత్రి ఫెనిటాయిన్ 300 మిల్లీగ్రాములు వేసుకుంటాడు. ఏడాదిన్నరగా ఒక్క ఫిట్ కూడా రాలేదు. మొన్న రక్తంలో మందు లెవెల్ చూపిస్తే 8 వచ్చింది. 10 నుంచి 20 మధ్య ఉండాలని రిపోర్టు మీదే ఉంది. ఇక్కడి డాక్టరు గారు 400 చేద్దామన్నారు. బాగున్నవాడికి ఎందుకు పెంచడం అని నేను, పెద్దాయన చెప్పాక వినాలి కదా అని అమ్మ. ఇంట్లో రోజూ ఇదే గొడవ.

రాయగడ కోడలు:
నేను అమ్మగారి వైపే. మా మామగారికి రెండేళ్లు ఏమీ రాలేదు, తర్వాత నూతి గట్టు దగ్గరే వచ్చింది. పక్కన నలుగురు ఉన్నారు కాబట్టి సరిపోయింది. లెవెల్ తక్కువని తెలిసి ఊరుకోవాలంటే నాకు భయం.

గుణుపురం మాస్టారు:
మీ భయం నాకు తెలుసమ్మా, ఇరవై ఏళ్లుగా నేనూ ఈ మాత్ర మీదే ఉన్నాను. కానీ 300 నుంచి ఒక్కసారిగా 400కి వెళ్లడం మాత్రం వద్దు. నాకు అలాగే చేశారు. మూడో వారానికి బోర్డు మీద గీత గీస్తే వంకర పోయేది. చొక్కా గుండీ కాజాలో పట్టేది కాదు. రైలు దిగుతుంటే మెట్టు రెండుగా కనబడింది. తాగి బడికొస్తున్నాడని ఎవరో అన్నారు, ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. లెవెల్ చూస్తే 31.

డోసు మూడోవంతు పెంచితే లెవెల్ కూడా మూడోవంతే పెరుగుతుందనుకుంటాం. ఫెనిటాయిన్ దగ్గర ఆ లెక్క చెల్లదు. దాన్ని విరిచి బయటికి పంపే కాలేయం చెరువు తూములాంటిది. తూము పట్టినంతే పోతుంది, ఆపైన వచ్చిన నీళ్లన్నీ చెరువులోనే నిలుస్తాయి. ఆ తూము ఒక్కొక్కరికి ఒక్కో సైజు. అందుకే 300 దగ్గరికి వచ్చాక పెంచాల్సి వస్తే 25, 30 చొప్పున పెంచి, రెండు మూడు వారాలు ఆగి చూస్తారు.

బరంపురం ఫార్మసిస్టు:
మాస్టారి మాటకి ఇంకొంచెం కలుపుతాను. ఆ 10–20 చాలామందిని చూసి వేసిన హద్దు. 8 దగ్గరే ఫిట్స్ ఆగినవాళ్లున్నారు, 18 దగ్గర ఆగనివాళ్లూ ఉన్నారు. అలాగని పరీక్ష దండగ అనను. మాత్రలు మానేస్తున్నారని అనుమానమొస్తే చూడాల్సిందే. టీబీకి రిఫాంపిసిన్ మొదలుపెడితే ఫెనిటాయిన్ లెవెల్ పడిపోతుంది, గర్భం వస్తే లామోట్రిజిన్ అనే ఇంకో ఫిట్స్ మందు లెవెల్ పడిపోతుంది, అప్పుడూ చూడాలి. మరో సంగతి, రక్తంలో మందుని పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువుంటే, పనిచేసే మందు సరిపడా ఉన్నా ఫెనిటాయిన్ మొత్తం లెవెల్ తక్కువగా కనిపిస్తుంది. మీ తమ్ముడికి ఆల్బుమిన్ చూశారా?

రాయగడ కోడలు:
మా మామగారు ఆ వారం పెళ్లికని వెళ్లి నాలుగు రోజులు మాత్ర వేసుకోలేదండి. ఇప్పుడు ఆలోచిస్తే అదే కారణమేమో. అయినా బండి నడిపేవాళ్ల విషయంలో నా భయం పోదు.

పర్లాకిమిడి అన్నయ్య:
ఆల్బుమిన్ చూడలేదు. తమ్ముణ్ణి కూర్చోబెట్టి అడిగితే, నెలలో రెండు మూడు సార్లు మాత్ర మర్చిపోతానన్నాడు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదట. సోమవారం డాక్టరు గారి దగ్గరికి వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్తున్నాను, అడగాల్సినవన్నీ కాగితం మీద రాశాను. అంతవరకు 300 అలాగే ఉంటుంది. మా అంతట మేం పెంచం, తగ్గించం.