మామ్మని తిరుపతి తీసుకెళ్ళాలి. చార్టర్ బ్రోకర్ మాట ఎంతవరకు నమ్మొచ్చు?

సీతమ్మధార కుర్రాడు:
అందరికీ నమస్తే. మా మామ్మకి 86 ఏళ్ళు. కిందటేడు తుంటి ఆపరేషన్ అయింది. తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం ఆవిడ వల్ల కాదు. మా బాబాయిది రొయ్యల ఎగుమతి వ్యాపారం, ఈ ఏడు నాలుగు డబ్బులు మిగిలాయి. దాంతో సంక్రాంతి భోజనాల దగ్గర అందరి ముందూ "అమ్మని సొంతంగా విమానం మాట్లాడి కొండకి తీసుకెళ్తా" అనేశాడు. అనడం ఆయన వంతు, తిరగడం నా వంతు. నాది డాబాగార్డెన్స్‌లో జిరాక్స్ షాపు. ఎన్ఏడీ జంక్షన్‌లో సిగ్నల్ పడినప్పుడు తల మీదుగా దిగే విమానాలు చూడటమే తప్ప నాకు వాటి గురించి ఇంకేం తెలీదు.

వెళ్ళేది ఆరుగురం. పొద్దున్న బయల్దేరి, మధ్యాహ్నం 3 గంటల స్లాట్‌లో దర్శనం చేసుకుని, రాత్రికి ఇంటికి వచ్చేయాలని ప్లాను. విమానం మొత్తం అద్దెకు మాట్లాడిపెట్టే చార్టర్ బ్రోకర్లు ముగ్గురితో మాట్లాడాను. మొదటాయన ఏడు లక్షల పాతిక వేలు ప్లస్ ట్యాక్స్ అన్నాడు. ఏ విమానం అంటే "లైట్ జెట్ సార్, సూపర్ ఉంటుంది" అంటాడు, అంతకుమించి చెప్పడు. రెండో ఆవిడ అన్నీ కలిపి 10 లక్షల 40 వేలు అని రెండు పేజీల కాగితం పంపింది. మూడోవాడు ఎవరిదో సొంత విమానం ఖాళీగా ఉంది, 5 లక్షలు క్యాష్ ఇస్తే చాలన్నాడు. బాబాయికి మూడోవాడు తెగ నచ్చాడు. నాకేమో టెన్షన్. ఎవరిని పట్టుకోమంటారు?

ర్యాంప్ మనిషి:
తమ్ముడూ, వైజాగ్ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో 14 ఏళ్ళు చేశాను. ముందు ఆ మూడోవాడి నంబర్ ఫోన్‌లోంచి తీసేయ్. ప్రైవేటు కేటగిరీ విమానాన్ని డబ్బు తీసుకుని తిప్పకూడదు. అద్దెకు తిప్పాలంటే ఆ కంపెనీకి డీజీసీఏ (విమానాల మీద కేంద్ర నియంత్రణ సంస్థ) ఇచ్చిన నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. అది లేని విమానానికి ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్ళు ఎలా తప్పించుకుంటారో నేను చెప్పక్కర్లేదు.

ఇక మిగిలిన ఇద్దరు. పర్మిట్ ఇచ్చేది విమానం నడిపే ఆపరేటర్‌కి, బ్రోకర్‌కి కాదు. బ్రోకర్‌కి విమానం ఉండదు, పైలట్ ఉండడు. మన కల్యాణ మండపాల దగ్గర క్యాటరింగ్ మాట్లాడిపెట్టే మనిషి లాంటివాడు, వంట మాత్రం ఇంకొకరిది. అలాగని బ్రోకర్ దండగ అనను. మంచివాడైతే ఏ విమానం ఏ ఊళ్ళో ఆగి ఉందో, ఏ ఆపరేటర్ చెప్పిన టైముకి వస్తాడో అతనికే తెలుస్తుంది. నువ్వు అడగాల్సినవి రెండే: ఆపరేటర్ పేరు, వీటీతో మొదలయ్యే విమానం నంబరు. రెండూ రాసి పంపమను. "అడ్వాన్స్ వేశాక చెప్తాం" అన్నాడంటే అతని చేతిలో ఇంకా విమానం లేదని లెక్క. నీ డబ్బు చూపించి వెతుకుతాడు. పేరు వచ్చాక పర్మిట్ కాపీ తెప్పించుకో, నీ విమానం నంబరు అందులో ఉందో లేదో చూడు. ఆపరేటర్ల జాబితా డీజీసీఏ సైట్‌లోనే ఉంటుంది.

మొదటాయన ఏడు లక్షల పాతిక వేలు అన్నాడు కదా, దానిమీద 18 శాతం జీఎస్టీ వేస్తే 8,55,500. ఆ పైన ల్యాండింగ్, పార్కింగ్, హ్యాండ్లింగ్ అని తర్వాత ఒక్కొక్కటే వస్తాయి. మన ఊళ్ళో చార్టర్ విమానం కాచుక్కూర్చుని ఉండదు. హైదరాబాద్ నుంచో ఇంకెక్కడి నుంచో ఖాళీగా వస్తుంది, మిమ్మల్ని దింపి మళ్ళీ ఖాళీగా పోతుంది. ఆ ఫెర్రీ డబ్బులు కూడా మీవే. అందులో కలిపాడో లేదో అడుగు.

మధురవాడ మేడమ్:
మా ఇంట్లో పెళ్ళికి పెళ్ళికొడుకు వాళ్ళని తీసుకురావడానికి ఇలాగే బుక్ చేశాం. ముందురోజు రాత్రి 11కి ఫోన్: విమానం మారింది, జెట్ బదులు టర్బోప్రాప్ (ముందు పంకాలుండే విమానం) వస్తుంది, నాలుగు సూట్‌కేసులు పట్టవు. పెళ్ళి చీరలు, సారె ఇన్నోవాలో రోడ్డు మీద వచ్చాయి. కాగితంలో "లేదా సమానమైన విమానం" అని చిన్న అక్షరాల్లో ఉంది, మేం చూసుకోలేదు. ఆ మాట కొట్టేయించండి. లేకపోతే ఏది సమానమో రాయించండి.

పాత గాజువాక:
ఇంత డబ్బు ఎందుకు, ఎంప్టీ లెగ్ చూసుకోండి. ఖాళీగా వెళ్ళే విమానంలో సగానికే ఇస్తారట.

ర్యాంప్ మనిషి:
గాజువాక గారూ, ఇస్తారు. కానీ అసలు ప్రయాణికుడు టైము మార్చుకుంటే అదీ మారిపోతుంది. 86 ఏళ్ళ పెద్దావిడకి అది పనికిరాదు.

2023 సెప్టెంబర్ 14 గుర్తుందా? మన వైజాగ్‌లో ఎగిరిన లియర్‌జెట్ 45 అనే చిన్న జెట్ ముంబయిలో పెద్ద వానలో దిగుతూ రన్‌వే మీంచి పక్కకి పోయింది. ఉన్న ఎనిమిది మందీ గాయాలతో బయటపడ్డారు. భయపెట్టడానికి చెప్పట్లేదు. వాతావరణం బాగోలేక పైలట్ వెళ్ళనంటే, వెనక్కి తిరుగుతానంటే, మీ బాబాయి ఫోన్ చేసి ఒత్తిడి పెట్టకూడదు. అప్పుడు డబ్బు ఎంత తిరిగొస్తుందో ముందే కాగితంలో ఉండాలి.

అసలు సంగతి ఇంకోటుంది. రాత్రి ఎన్నింటికి తిరిగి బయల్దేరుదామని?

సీతమ్మధార కుర్రాడు:
దర్శనం అయ్యి కొండ దిగి రేణిగుంట ఎయిర్‌పోర్టుకి వచ్చేసరికి ఏడున్నర అనుకుంటున్నాం. ఎనిమిదికి ఎక్కేస్తాం.

ర్యాంప్ మనిషి:
ఆ పైలట్లు పొద్దున్న 6కి హైదరాబాద్‌లో డ్యూటీ ఎక్కుతారు. మిమ్మల్ని ఇక్కడ దింపి తిరిగి హైదరాబాద్ చేరేసరికి రాత్రి పదిన్నర. 16 గంటలు దాటింది. ఇద్దరు పైలట్లతో మామూలుగా అంతసేపు కుదరదు. పైగా దర్శనం క్యూ అరగంట సాగితే ఏం చేస్తావ్? మన ఎయిర్‌పోర్టు ఉన్నది నేవీ వాళ్ళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో. రాకపోకలకి వాళ్ళ అనుమతి కావాలి, టైము మన ఇష్టం కాదు. (ర్యాంప్ మీద, అంటే విమానాలు ఆగే చోట, ఫొటోలు కూడా కుదరవు, మీ బాబాయికి ముందే చెప్పు.) తిరుపతిలో ఒక రాత్రి ఉండండి. పైలట్ల హోటల్, రాత్రి పార్కింగ్ కలిపి కొత్త రేటు అడుగు. ఈ లెక్క నువ్వు అడగకుండానే చెప్పిన బ్రోకర్ ఎవరైనా ఉంటే వాళ్ళనే పట్టుకో.

ఇంకోటి, మెట్లు. చిన్న జెట్ తలుపుకి ఇరుకైన నాలుగైదు మెట్లుంటాయి. పక్కన ఇంకో మనిషి పట్టడు. సైటేషన్ సీజే2 లాంటి చిన్న జెట్ లోపల ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు, వంగే నడవాలి. హాకర్ 800 అయితే 5 అడుగుల 9 అంగుళాలు, రేటు బాగా ఎక్కువ.

సీతమ్మధార కుర్రాడు:
అన్నా, రెండో ఆవిడ కాగితం మళ్ళీ తీసి చూశాను. రెండో పేజీలో కింద "క్రూ డ్యూటీ దృష్ట్యా నైట్ హాల్ట్ మేలు" అని ఉంది. నేను మొత్తం మాత్రమే చూసి పక్కన పెట్టేశాను. ఫోన్ చేస్తే అరగంటలో విమానం నంబరు, పర్మిట్, ఇన్సూరెన్స్ కాగితం పంపింది. సీజే2నే. నైట్ హాల్ట్‌తో 11 లక్షల 90 వేలు. "లేదా సమానమైన" మాట తీసేయమంటే ఆపరేటర్‌ని అడిగి చెప్తానంది, ఇంకా చెప్పలేదు. మొదటాయన విమానం నంబరు అడిగిన దగ్గర్నుంచి ఫోన్ ఎత్తట్లేదు. బాబాయి మొహం మాడ్చుకున్నాడు, ఫొటోల దగ్గర మరీను.

మామ్మకి ఎత్తు సంగతి చెప్పాం. గుమ్మం దగ్గర నిలబెట్టి నా షాపు టేపుతో కొలిస్తే 4 అడుగుల 7 అంగుళాలు. "నేను వంగక్కర్లేదురా, మీ బాబాయినే వంగమను" అంది. మెట్లు ఎక్కడం మాత్రం డాబా మెట్ల మీద రోజూ సాయంత్రం ప్రాక్టీస్ చేయిస్తున్నాం. నిన్న మూడు ఎక్కింది.