ఫ్రీజర్ డిస్‌ప్లేలో -9, లోపల థర్మామీటర్‌లో -27: సెన్సర్ పోయినట్టేనా?

ప్రశ్న:
మా ఫ్రీజర్ -18కి సెట్ చేసి ఉంది. డిస్‌ప్లే మాత్రం -9 దాటి దిగడం లేదు, కంప్రెసర్ రాత్రీపగలూ ఆగకుండా తిరుగుతూనే ఉంది. అనుమానం వచ్చి లోపల విడిగా థర్మామీటర్ పెడితే అది -27 చూపించింది! ఎర్రర్ కోడ్ ఏదీ లేదు. సెన్సర్ మారిస్తే సరిపోతుందా, బోర్డు కూడా పోయి ఉంటుందా? కంప్రెసర్ ఎక్కడ పాడవుతుందోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
ముందే ఏమీ కొనకండి, కొలవండి. అందులో ఉండేది దాదాపుగా ఎన్‌టీసీ థర్మిస్టర్, అంటే చల్లబడేకొద్దీ రెసిస్టెన్స్ పెరుగుతుంది. వైరు పూర్తిగా తెగినా షార్ట్ అయినా బోర్డు పసిగట్టి మామూలుగా ఎర్రర్ చూపిస్తుంది. మీకు కోడ్ రాలేదు, పైగా ఉన్నదానికంటే వెచ్చగా చూపిస్తోంది కాబట్టి సెన్సర్‌లోకి తడి చేరి రెసిస్టెన్స్ తగ్గిందని నా అనుమానం. ప్లగ్ తీసేసి, బోర్డు దగ్గర కనెక్టర్ ఊడదీసి, సెన్సర్ మొనను ఐసు ముక్కలు నిండుగా వేసిన నీళ్లలో ముంచి కలుపుతూ కాసేపు ఆగండి, అదే మీ 0 డిగ్రీలు. 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్‌ల రకమైతే అక్కడ మల్టీమీటర్‌లో రకాన్ని బట్టి సుమారు 27 నుంచి 33 కిలో ఓమ్‌ల దాకా రావాలి. మొనను వేళ్లతో పట్టుకోవద్దు, ఒంటి వేడికే రీడింగ్ మారిపోతుంది.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. ఇంకో సంగతి, నో ఫ్రాస్ట్ మోడల్ అయితే లోపల రెండు సెన్సర్లు ఉంటాయి, ఒకటి గాలి వేడిమికి, ఇంకొకటి కాయిల్ మీద డీఫ్రాస్ట్ కోసం. ఏది తీస్తున్నారో చూసుకోండి. కొనేటప్పుడు "10కే" అని చూసి ఏదో ఒకటి తెచ్చేయకండి, బీటా విలువ (వేడిమి మారితే రెసిస్టెన్స్ ఎంతగా మారుతుందో చెప్పే అంకె) కూడా కలవాలి. బీటా 3435 రకం -18 దగ్గర సుమారు 70 కిలో ఓమ్‌లు చూపిస్తే 3950 రకం 90 పైన చూపిస్తుంది. ఆ ఒక్క తేడాకే బోర్డు దాదాపు 5 డిగ్రీలు పొరబడుతుంది, లోపలి సరుకు మెత్తబడేదాకా మీకు తెలియను కూడా తెలియదు. పార్ట్ నంబర్ చూసి అదే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
కొలిచానండీ. సర్వీస్ మాన్యువల్‌లో 0 దగ్గర 27 అని ఉంది, నాకు 19 వచ్చి అక్కడా నిలబడకుండా ఇంకా దిగుతోంది. మొన దగ్గర ప్లాస్టిక్ సన్నగా చీలి ఉంది. కాకపోతే వైరు గోడ లోపలికి, ఫోమ్‌లోకి పోయింది, మొత్తం లాగడం కుదరదు. మధ్యలో కట్ చేసి అతికించవచ్చా?

జవాబు 3:
అతికించవచ్చు, చాలామంది చేసేది అదే. వైర్లకు ప్లస్ మైనస్ లేదు, ఎటు కలిపినా ఒకటే. కష్టమంతా అతుకులోకి తడి పోకుండా చూడటంలోనే. రెండు వైర్లనూ ఒకే చోట కాకుండా కాస్త ఎగుడుదిగుడుగా కోసి, సోల్డర్ చేసి, లోపల జిగురు ఉండే హీట్ ష్రింక్ ట్యూబ్ వేయండి. ఉత్త ఇన్సులేషన్ టేపు ఆ చలికి ఊడొస్తుంది, తడి చేరితే మళ్లీ ఇదే రోగం. కొత్తది పాత క్లిప్పులోనే పెట్టండి. మంచు పేరుకుని ఉంటే కరగనివ్వండి, కత్తితో పొడవద్దు. ఫ్రీజర్‌ను చల్లబరిచే గ్యాస్ తిరిగే ట్యూబుకు చిల్లు పడితే గ్యాస్ పోతుంది, అది ఆర్600ఏ రకం అయితే మండే గ్యాస్ కూడా. బిగించాక ఒక రోజు ఆ థర్మామీటర్‌ను లోపలే ఉంచి -18 దగ్గర కంప్రెసర్ ఆగుతోందో లేదో చూడండి. అప్పటికీ ఆగకపోతేనే బోర్డు సంగతి చూద్దాం.