యార్క్‌షైర్ త్రీ పీక్స్ ఛారిటీ నడక, రెండు రాత్రులు టెంట్‌లో: మొదటిసారి వెళ్తున్నాను, సలహా చెప్పండి

లీడ్స్ కొత్తమ్మాయి:
అందరికీ నమస్కారం. మా ఆఫీసు నుంచి ఎనిమిదిమంది జూన్ చివరి వారాంతంలో ఒక హాస్పిస్ (నయంకాని జబ్బులవాళ్ళని చివరి రోజుల్లో చూసుకునే సంస్థ) కోసం యార్క్‌షైర్ త్రీ పీక్స్, అంటే ఒకే రోజు మూడు కొండలు, నడుస్తున్నారు. శుక్రవారం సాయంత్రం హార్టన్ ఊళ్ళో టెంట్లు వేసుకోవడం, శనివారం నడక, ఆ రాత్రి కూడా అక్కడే పడుకుని ఆదివారం తిరిగి రావడం. లంచ్ దగ్గర అందరూ చేతులెత్తుతుంటే నేనూ ఎత్తేశాను. ఇప్పుడు టెన్షన్ మొదలైంది.

ఇంటర్ సెలవుల్లో అలిపిరి మెట్లు ఎక్కాను. కొండ ఎక్కిన అనుభవం అదొక్కటే. టెంట్‌లో ఎప్పుడూ పడుకోలేదు. శాకాహారిని, గుడ్డు కూడా తినను. రిజిస్ట్రేషన్ ఫీజు 40 పౌండ్లు కాకుండా ఒక్కొక్కరు 200 పౌండ్లు పోగుచేయాలట. నా సందేహాలు: అసలు నడవగలనా? జీతమంతా పోయకుండా ఏమేం కొనాలి? ఏం తినాలి? ఇండియాలో చుట్టాలని డబ్బు అడగొచ్చా? బాత్రూమ్ సంగతేంటి? చివరి ప్రశ్న మా టీమ్‌లో మగవాళ్ళని అడగలేక ఇక్కడ అడుగుతున్నాను.

బ్రాడ్‌ఫోర్డ్ బాబాయ్:
నడవగలవా అన్నదానికి ముందు లెక్క చూద్దాం తల్లీ. పెన్-ఇ-గెంట్ 694 మీటర్లు, వెర్న్‌సైడ్ 736, ఇంగిల్‌బరో 723. విడివిడిగా చూస్తే ఏదీ పెద్ద కొండ కాదు. మూడూ ఒకే రోజు ఎక్కి దిగితే దూరం దాదాపు 39 కిలోమీటర్లు, మొత్తం ఎక్కుడు 1,585 మీటర్ల దాకా వస్తుంది. అలిపిరి నుంచి తిరుమల ఎక్కినదానికి రెట్టింపు పైమాటే. పైగా తిరుమలలో దిగేటప్పుడు బస్సు ఉంటుంది, ఇక్కడ దిగుడు కూడా నీ మోకాళ్ళే చూసుకోవాలి.

నడకకి 12 గంటల గడువు పెట్టుకోవడం ఆనవాయితీ. వినడానికి బోలెడు టైమ్ అనిపిస్తుంది. కొండ నడకకి నైస్మిత్ అనే స్కాట్లాండ్ ఆయన 1892లో చెప్పిన లెక్క ఒకటుంది: గంటకి 5 కిలోమీటర్లు, ప్రతి 600 మీటర్ల ఎక్కుడికి ఇంకో గంట. ఆ ప్రకారం ఎక్కడా ఆగకుండా నడిస్తేనే దాదాపు పదిన్నర గంటలు పడుతుంది. మిగిలిన గంటన్నరలోనే తిండి, ఫోటోలు, రెయిన్ జాకెట్ వేసుకోవడం, తీయడం, మళ్ళీ వేసుకోవడం అన్నీ కావాలి. ఎనిమిదిమంది ఉన్న గుంపులో ఒకరు లేసు కట్టుకుంటుంటే ఏడుగురు ఆగుతారు. కాబట్టి మీ లీడర్‌ని ఇప్పుడే రెండు ప్రశ్నలు అడుగు. నెమ్మదిగా నడిచేవాళ్ళ వేగంతో గుంపంతా నడుస్తుందా, లేక రెండుగా విడిపోతుందా? విడిపోతే వెనక జట్టులో మ్యాప్ చూడగలిగినవాళ్ళు ఎవరుంటారు? వీటికి సరైన జవాబు రాకపోతే నీ ఫిట్‌నెస్ కంటే అదే పెద్ద సమస్య.

మామూలుగా పెన్-ఇ-గెంట్ ముందు ఎక్కుతారు. శిఖరం దగ్గర కొద్దిసేపు చేతులు కూడా వాడి రాళ్ళు ఎక్కాలి, భయపడేంత కాదు. అది దిగాక రిబుల్‌హెడ్ దాకా సాగే దారి పొడుగ్గా, విసుగ్గా ఉంటుంది. చాలామంది నీరసపడేది అక్కడే. రిబుల్‌హెడ్ చేరేసరికి 16, 17 కిలోమీటర్లు అయిపోతాయి. అక్కడ రోడ్డుంది, రైల్వే స్టేషనుంది, హార్టన్ దాని పక్క స్టేషనే. ఒంట్లో బాగోలేకపోతే అక్కడ ఆగిపోవడంలో నామోషీ ఏమీ లేదు. రైళ్ళు రోజుకి కొన్నే ఉంటాయి, టైమింగ్స్ ముందే ఫోన్‌లో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో. వెర్న్‌సైడ్ దిగాక చాపెల్-లె-డేల్ దగ్గర ఇంకో రోడ్డు తగులుతుంది. అది దాటి ఇంగిల్‌బరో ఎక్కడం మొదలుపెట్టావంటే ఇక హార్టన్ దాకా నడిచి తీరాల్సిందే.

రిబుల్‌హెడ్‌లో 24 కమానుల రైలు వంతెన కనిపిస్తుంది. అందరూ దాని ముందు సెల్ఫీ దిగుతారు. 1870లలో దాన్ని కట్టిన కూలీలు ఆ బీట్లోనే గుడిసెలు వేసుకుని ఏళ్ళ తరబడి బతికారు. మశూచితోనూ ప్రమాదాల్లోనూ పోయినవాళ్ళని చాపెల్-లె-డేల్ చర్చి దగ్గర పాతిపెట్టారు. రెండు రాత్రుల టెంట్‌కి మనం పడే హైరానా చూస్తే వాళ్ళే గుర్తొస్తారు నాకు. సరే, పక్కకి పోయాను.

ఇంకా ఎన్ని వారాలుంది? ఆరేడు వారాలుంటే చాలు. వారాంతాల్లో ఇల్‌క్లీ మూర్‌కో, ఆట్లీ చెవిన్‌కో వెళ్ళు, లీడ్స్ నుంచి రెండూ దగ్గరే. ముందు 10 కిలోమీటర్లు, తర్వాత 15, నడకకి రెండు వారాల ముందు ఒకసారి 25. ఆ రోజు మోయబోయే బరువుతోనే నడువు. ట్రెడ్‌మిల్ దమ్ము పెంచుతుంది గానీ దిగుడు నేర్పదు.

మాంచెస్టర్ కుర్రాడు:
బాబాయ్ చెప్పింది కరెక్టే. బూట్ల గురించి నా మాట: 150 పౌండ్ల లెదర్ బూట్లు వద్దండి. గ్రిప్ బాగున్న ట్రైల్ రన్నింగ్ షూస్ చాలు. తేలిగ్గా ఉంటాయి, తడిసినా త్వరగా ఆరిపోతాయి. డెకత్లాన్‌లో చవగ్గానే వస్తాయి. జీన్స్ మాత్రం వద్దే వద్దు.

బ్రాడ్‌ఫోర్డ్ బాబాయ్:
మొదటిసారి నడిచేవాళ్ళకి చీలమండ కప్పే బూట్లే మేలని నేనంటాను. ఇంగిల్‌బరో నుంచి హార్టన్‌కి దిగే చివరి 8 కిలోమీటర్ల దారిలో సున్నపురాయి బండలుంటాయి. వాన పడితే సబ్బు రాసినట్టు జారతాయి. అప్పటికి కాళ్ళు మన మాట వినే స్థితిలో ఉండవు.

మాంచెస్టర్ కుర్రాడు:
జారకుండా ఆపేది కింద ఉన్న గ్రిప్ కదండీ, చీలమండ పట్టీ కాదు కదా. ఏదైనా సరే, ఇప్పుడే కొని ప్రాక్టీస్ నడకలన్నీ వాటితోనే చేయండి. అర సైజు పెద్దవి తీసుకోండి, దిగేటప్పుడు వేళ్ళు ముందుకి గుద్దుకుంటాయి. పాదంలో ఎక్కడైనా వేడిగా అనిపించిందంటే బొబ్బ మొదలవుతున్నట్టు. అప్పటికప్పుడే ఆగి ప్లాస్టర్ వేసుకోవాలి, వచ్చే గేటు దగ్గర చూద్దాంలే అనుకుంటే లాభం లేదు.

షెఫీల్డ్ అక్క:
చెల్లీ, అడగలేకపోయిన ప్రశ్న నుంచి మొదలుపెడతాను. హార్టన్‌లో పబ్లిక్ టాయిలెట్లు ఉన్నాయి, క్యాంప్‌సైట్‌లోనూ ఉంటాయి. బయల్దేరేముందు తప్పకుండా వెళ్ళు. దారంతా చెట్లు తక్కువ, గోడల చాటే దిక్కు. ఇద్దరమ్మాయిలు కలిసి వెళ్ళి ఒకరు కాపలా ఉంటే ఇబ్బంది ఉండదు, ఇక్కడ అందరూ చేసేది అదే. వాడిన టిష్యూలు, ప్యాడ్‌లు నేలలో పాతకుండా జిప్ కవర్‌లో వేసి తిరిగి తెచ్చుకోవాలి. లోపల కనిపించకుండా ఆ కవర్‌కి సిల్వర్ టేప్ చుట్టుకుంటే సరి. పెద్ద పనైతే వాగులకీ దారికీ దూరంగా జానెడు గొయ్యి తీసి పూడ్చాలి. బాత్రూమ్‌కి భయపడి నీళ్ళు తాగడం మానకు. తలనొప్పులు, కాళ్ళు పట్టేయడం అలాగే మొదలవుతాయి. రెండు లీటర్లు తక్కువ కాకుండా మోసుకెళ్ళు, ఎండ ఉంటే మూడు. కొండ మీద గొర్రెలు తిరుగుతాయి, వాగు నీళ్ళు తాగొద్దు.

టెంట్ నువ్వు కొనకు. టీమ్‌లో ఎవరి దగ్గరో ఉంటుంది. ముగ్గురి టెంట్ అంటే ఇద్దరు బ్యాగులతో పడుకునేది అని అర్థం. స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. కంఫర్ట్ అన్న అంకె ఒక్కటే చూడు, 5 డిగ్రీలో అంతకంటే తక్కువో ఉండాలి. ఎక్స్‌ట్రీమ్ అన్న అంకె ప్రాణం పోకుండా ఉండటానికే, నిద్రపట్టడానికి కాదు. మన వాళ్ళు మర్చిపోయేది కింద పరుచుకునే మ్యాట్. చలి ఎక్కువగా నేల నుంచే వస్తుంది, మ్యాట్ లేకపోతే ఎంత ఖరీదైన బ్యాగూ పనిచేయదు. జూన్‌లో కూడా అక్కడ రాత్రిపూట 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. పడుకునేటప్పుడు వేసుకునే సాక్స్, థర్మల్ విడిగా ప్లాస్టిక్ కవర్‌లో కట్టి పెట్టుకో, పగలు ఎంత తడిసినా వాటి జోలికి వెళ్ళకు. చెవుల్లోకి ఇయర్‌ప్లగ్స్ కూడా. పక్క టెంట్ వాళ్ళు నడక అయిపోయిన సంతోషంలో ఉంటారు.

టెంట్ లోపల గ్యాస్ స్టవ్, బార్బెక్యూ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు, ఆరిపోయిన బొగ్గులైనా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

బట్టల విషయం: ఒంటికి తగిలేది కాటన్ కాకూడదు, తడిస్తే ఆరదు, ఒళ్ళంతా చల్లబడిపోతుంది. జిమ్ టీషర్టు, లెగ్గింగ్స్ సరిపోతాయి. మీద ఒక ఫ్లీస్, హుడ్ ఉన్న వాటర్‌ప్రూఫ్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు. కింద ఊళ్ళో ఎండగా ఉన్నా శిఖరం మీద నాలుగైదు డిగ్రీలు తక్కువ ఉంటుంది, గాలి వేరే. డబ్బు పెట్టాల్సినవి బూట్లు, జాకెట్ అంతే. మిగతావి అడిగి తీసుకో.

లీడ్స్ కొత్తమ్మాయి:
అక్కా, బాబాయ్ గారూ, చాలా థాంక్స్. తిండి గురించి కూడా చెప్పరా? శనివారం రాత్రి బార్బెక్యూ అన్నారు. పులిహోర పట్టుకెళ్దామనుకుంటున్నాను.

షెఫీల్డ్ అక్క:
శుక్రవారం రాత్రికి పులిహోర బాగుంటుంది. నడకలో మాత్రం గాలి వానలో డబ్బా మూత తీసి, గడ్డకట్టిన వేళ్ళతో తినడం నరకం. చపాతీలో నెయ్యి, కందిపొడి వేసి గట్టిగా చుట్టి ఫాయిల్‌లో పెట్టుకో, నడుస్తూనే తినొచ్చు. పల్లీ చిక్కీలు, ఖర్జూరాలు, నువ్వులుండలు జాకెట్ జేబుల్లో పోసుకుని గంటకోసారి కాస్త నోట్లో వేసుకో. ఆకలేసేదాకా ఆగొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు రెండు.

నిర్వాహకులకి ఇప్పుడే మెయిల్ పెట్టు: మాంసం, చేప, గుడ్డు తినను, నా బర్గర్ వేరే పెనం మీద కాల్చాలి అని. ఆ రోజు చెబితే బన్నులో ఉల్లిపాయ పెట్టి ఇస్తారు. ఇంకోటి, చెక్‌పాయింట్ల దగ్గర పంచే జెల్లీ మిఠాయిలు, రాత్రి కాల్చుకునే మార్ష్‌మాలోలు చాలావాటిలో జెలటిన్ ఉంటుంది. ప్యాకెట్ చూసి తిను.

లెక్కల మాస్టారు:
డబ్బు సంగతి నేను చెప్తాను. ముందుగా ఆ హాస్పిస్ పేరు ఛారిటీ కమిషన్ రిజిస్టర్‌లో ఉందేమో నంబరుతో సహా వెతకండి. తర్వాత నిర్వాహకులని సూటిగా అడగండి: క్యాంప్‌సైట్, గైడ్, భోజనం ఖర్చులు ఆ 40 పౌండ్ల ఫీజులోంచి పోతాయా, పోగుచేసిన 200లోంచి పోతాయా? రెండు పద్ధతులూ ఉన్నాయి. ఖర్చు విరాళంలోంచే తీస్తే ఆ మాట ఇచ్చేవాళ్ళకి చెప్పాలి. నేనైతే ఖర్చు నా జేబులోంచి పెట్టుకుని, అందరిచ్చినదీ పూర్తిగా ఛారిటీకే వెళ్తుందని చెప్పి అడుగుతాను. అలా చెబితే అడగడం కూడా తేలిక.

జస్ట్‌గివింగ్ లాంటి పేజీ పెడితే గిఫ్ట్ ఎయిడ్ గడి వస్తుంది. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళు అది టిక్ చేస్తే పౌండుకి 25 పెన్నీలు ప్రభుత్వం నుంచి ఛారిటీకి అదనంగా వెళ్తాయి. పన్ను కట్టని స్టూడెంట్లు టిక్ చేయకూడదు, తేడా వాళ్ళే కట్టాల్సి రావచ్చు. మీ రిజిస్ట్రేషన్ ఫీజు విరాళం కాదు, దానికి గిఫ్ట్ ఎయిడ్ లేదు. చివర్లో వెబ్‌సైట్‌కి టిప్ అని ఒక మొత్తం కనిపిస్తుంది. అది ఐచ్ఛికం, సున్నాకి జరపొచ్చు. పెద్దవాళ్ళకి ఇది ముందే చెప్పండి.

ఇండియా చుట్టాలు ఇవ్వొచ్చు. కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసుకోవాలి. గిఫ్ట్ ఎయిడ్ రాదు, అక్కడ ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపూ రాదు. నిజం చెప్పాలంటే, వాళ్ళకి తెలియని ఊరి హాస్పిస్‌కి 500 రూపాయలు అడిగి మొహమాటపెట్టడం నాకు నచ్చదు. మీ ఆఫీసులోనే ఒక శుక్రవారం సమోసాలు, మిరపకాయ బజ్జీలు అమ్మండి, 200లో సగం అక్కడే తేలిపోతుంది. ఉద్యోగులు పోగుచేసినంత తామూ కలిపే కంపెనీలున్నాయి, హెచ్ఆర్‌ని అడగండి. వీధిలో డబ్బా పట్టుకుని అడగాలంటే మాత్రం కౌన్సిల్ అనుమతి కావాలి.

మాంచెస్టర్ కుర్రాడు:
మాస్టారూ, మా అమ్మ అయితే నా నడక ఫోటో కోసమైనా ఇచ్చేది 😀

ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదు. కొండల మధ్య సిగ్నల్ నమ్మలేం. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దించుకోండి, పవర్ బ్యాంక్ పెట్టుకోండి. టీమ్‌కి ఒక్కటైనా కాగితం మ్యాప్ ఉండాలి, ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ ఓఎల్2. ఇవాళే 'రిజిస్టర్' అని ఇంగ్లీషులో టైప్ చేసి 999కి మెసేజ్ పంపండి, వచ్చిన జవాబుకి 'యస్' అనండి. కాల్ కలవని చోట మెసేజ్‌తో సాయం అడగడానికి పనికొస్తుంది. ప్రమాదం జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్, ఆపైన మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. ఆ ప్రాంతం చూసేది క్లాపమ్‌లోని కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్, అందరూ వాలంటీర్లే, డబ్బు తీసుకోరు. విజిల్ ఉంటే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి మళ్ళీ ఊదాలి.

లీడ్స్ కొత్తమ్మాయి:
లీడర్‌ని అడిగాను. రెండు జట్లుగా నడుస్తారట, వెనక జట్టుతో మ్యాప్ తెలిసిన ఆయన ఒకరు ఉంటారట. ఖర్చంతా ఫీజులోంచే. రిబుల్‌హెడ్‌లో ఆగిపోవచ్చా అంటే, అక్కడికి మినీబస్ కూడా వస్తుందన్నారు. ఈ ఆదివారం ఇల్‌క్లీ మూర్. బూట్లు ఇంకా తేల్చుకోలేదు, రెండు రకాలూ వేసి చూస్తాను. స్లీపింగ్ బ్యాగ్, మ్యాట్ ఎవరైనా అరువిస్తారా?

షెఫీల్డ్ అక్క:
మా ఇంట్లో రెండూ ఉన్నాయి. బ్యాగ్ కంఫర్ట్ 3 డిగ్రీలు, పొడవు ఐదడుగుల ఎనిమిది అంగుళాల వాళ్ళ దాకా సరిపోతుంది. వచ్చే శనివారం లీడ్స్ గుడికి వస్తున్నాం, నీ ఎత్తు మెసేజ్ పెట్టు, తెస్తాను. వాడాక ఉతక్కుండా ఇచ్చేయ్, లోపల నింపింది మెషీన్‌లో వేస్తే ఉండలు కడుతుంది.