మొదటి ఫ్లాట్, 80 లక్షల బడ్జెట్: పాతదా, కట్టేదా, ప్రీలాంచా?

కొత్తకాపురం:
హైదరాబాద్‌లో నిజాంపేట, బాచుపల్లి వైపు రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్ చూస్తున్నాం. పెళ్లయి ఎనిమిది నెలలు. ఇద్దరి జీతాలూ కలిపి చేతికి లక్షా అరవై వేలు. చేతిలో 24 లక్షలున్నాయి, అందులో 6 మా నాన్నగారు ఇస్తానన్నవి. మూడింటి మధ్య ఊగుతున్నాం.

ఒకటి, ఎనిమిదేళ్ల పాత ఫ్లాట్. 1,250 ఎస్‌ఎఫ్‌టీ, 80 లక్షలు. ఓనరు 60కి రిజిస్ట్రేషన్, 20 క్యాష్ అంటున్నాడు. రెండు, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరున్న కొత్త ప్రాజెక్టు. అదీ 80, ఇంకో రెండేళ్లకు తాళాలు. మూడు, ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మేది. 48 లక్షలు ఒకేసారి కట్టాలి, యూడీఎస్ (స్థలంలో విడదీయని వాటా) వెంటనే రిజిస్టర్ చేసిస్తారట. తక్కువైన డబ్బుకు పర్సనల్ లోన్ పెట్టుకోమని మార్కెటింగ్ అతని సలహా.

ఇద్దరి పేరునా కొనాలని అనుకుంటున్నాం. నా పాన్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో మావారిది. దీంతో ఏమైనా చిక్కా?

గజాల_లెక్క:
మూడోది కొట్టేయండి మేడమ్. రెరా నంబరు రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం రెరా చట్టంలో 3వ సెక్షన్ ప్రకారమే కుదరదు. నంబరు వచ్చాక కూడా రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు, అది 13వ సెక్షన్. వీళ్లు అడిగేది నూటికి నూరు శాతం.

యూడీఎస్ రిజిస్ట్రేషన్ అంటే ఫ్లాటు మీ పేరున రాదు. కొన్ని ఎకరాల్లో మీకు నలభయ్యో యాభయ్యో గజాల విడదీయని వాటా వస్తుందంతే. పర్మిషన్ రాకపోయినా, బిల్డరు చేతులెత్తేసినా ఆ గజాలకు హద్దులుండవు, కంచె వేసుకోలేరు, విడిగా కొనేవాడు దొరకడు. మీతోపాటు వందలమంది వాటాదారులుంటారు. ఏం చేయాలన్నా అందరి సంతకాలూ కావాలి. హోమ్ లోన్ ఎందుకు ఇప్పించడం లేదు, పర్సనల్ లోన్ వైపు ఎందుకు తోస్తున్నారు అని అడిగి చూడండి. బ్యాంకు లాయరు చూసేందుకు అక్కడ ప్లానే లేదు.

లోన్_టేబుల్:
60 తెలుపు, 20 నలుపు అన్న మాట వినగానే రిజిస్ట్రేషన్ ఖర్చు మిగులుతుందనిపిస్తుంది. కాగితం మీద లెక్క వేయండి.

తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మూడూ కలిపి 7.5 శాతం. 80కి అయితే 6 లక్షలు, 60కి అయితే నాలుగున్నర. మిగిలేది లక్షన్నర. ఇక లోన్ వైపు చూడండి. 30 నుంచి 75 లక్షల లోన్‌కు ఆర్‌బీఐ పరిమితి ధరలో 80 శాతం. డీడ్ (అమ్మకపు దస్తావేజు) 80కి ఉంటే 64 లక్షలు రావచ్చు, 60కి ఉంటే 48కి మించి రాదు. అంటే నిజంగా 80కి రాస్తే మీరు పెట్టేది 16 ప్లస్ 6, మొత్తం 22. ఓనరు చెప్పినట్టు చేస్తే 12 ప్లస్ 20 ప్లస్ నాలుగున్నర, ముప్పై ఆరున్నర. లక్షన్నర కోసం పద్నాలుగున్నర లక్షలు ఎక్కువ తేవాలి. రేపు మీరు 95కి అమ్మితే, డీడ్‌లో 60 ఉంది కాబట్టి లాభం 15 కాదు, 35గా లెక్కకొస్తుంది.

స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ పడే వీలుంది. ఓనరుకు ఈ ముక్క మర్యాదగా చెప్పండి, చాలామంది అక్కడ దిగొస్తారు.

ఇంకో మాట. స్టాంపు డ్యూటీ ఖర్చుల్ని బ్యాంకు ఇంటి ధరలో కలపదు. 24లో 22 పోతే ప్రాసెసింగ్ ఫీజుకు, వుడ్‌వర్కుకు మిగిలేది 2 లక్షలు. బేరం 72కి తెండి. లోన్ 57.6, మీ వాటా 14.4, రిజిస్ట్రేషన్ 5.4. నాలుగు లక్షలు చేతిలో ఉంటాయి. 8.5 శాతం మీద 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 50 వేలు. ఇద్దరి జీతాల మీద బ్యాంకు ఇంకా ఎక్కువే ఇస్తానంటుంది, తీసుకోకండి. పిల్లలు పుట్టాక ఏడాదిపాటు ఒక్క జీతమే వస్తే కట్టగలరా అన్నది చూసుకోండి. ఫ్లోటింగ్ రేటు (మారే వడ్డీ) లోన్‌ను ముందే తీర్చినా పెనాల్టీ ఉండదు కాబట్టి 20 ఏళ్లు పెట్టుకుని బోనస్ వచ్చినప్పుడల్లా అసలులో కట్టండి. లోన్‌తోపాటు అంటగట్టే సింగిల్ ప్రీమియం ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు. ఇద్దరూ విడిగా టర్మ్ పాలసీ తీసుకోవడం మేలు.

నాన్నగారి 6 లక్షలు మీ ఖాతాకు బదిలీ చేయించుకుని, గిఫ్ట్ అని ఒక కాగితం రాయించుకోండి. దానిమీద పన్ను లేదు.

కొత్తకాపురం:
లెక్క చూశాక మావారు కూడా ప్రీలాంచ్ ఊసెత్తడం లేదు. పాత ఫ్లాట్ పూర్తి ధరకు రాయడానికి ఓనరు ఒప్పుకుంటే కాగితాల్లో ఏమేం చూడాలి? ఆయనకు ఆ ఫ్లాట్ మీద ఇంకా లోన్ ఉంది.

లింక్_డాక్యుమెంట్:
ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్ల జాబితా. తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ సైట్‌లో 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అంతకు ముందుదైతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో. ఒక్క ఫ్లాట్ నంబరుతో వెతికి ఊరుకోవద్దు. డాక్యుమెంట్ నంబరుతో ఒకసారి, స్థలం సర్వే నంబరుతో ఇంకోసారి తీయండి. బిల్డరు స్థలాన్ని బ్యాంకులో పెట్టుంటే అది సర్వే నంబరు దగ్గరే బయటపడుతుంది. డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ (కాగితాలు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నారని) అని ఒక వరుస కనిపిస్తే, దానికి సంబంధించిన రిలీజ్ వరుస కూడా ఉండాలి. లేకపోతే అప్పు తీరినట్టు రుజువు లేదు. ఈసీలో రిజిస్టరైనవే కనిపిస్తాయి, కోర్టు కేసులు కనిపించవు. బ్యాంకు తాకట్ల కోసం సెర్సాయ్ (తాకట్ల కేంద్ర రిజిస్ట్రీ) సైట్‌లో కొద్దిపాటి ఫీజుతో విడిగా వెతకొచ్చు. 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) ఆ సర్వే నంబరు ఉందేమో కూడా చూడండి.

తర్వాత డీడ్ చివరి షెడ్యూల్. ఫ్లాట్ నంబరు, అంతస్తు, నాలుగు హద్దులు, పార్కింగ్ నంబరు, యూడీఎస్ ఎన్ని గజాలో అక్కడ ఉంటాయి. వెయ్యి గజాల్లో ఒకే సైజు ఫ్లాట్లు ఇరవై ఉంటే తలా 50 రావాలి. 38 అని రాసుంటే మిగతా 240 గజాలు బిల్డరు దగ్గరే ఉండిపోయాయన్నమాట. రీడెవలప్‌మెంట్ (పాత భవనం కూల్చి మళ్లీ కట్టడం) నాడు ఆయన కూడా వాటాదారే.

దాన్ని శాంక్షన్ ప్లాన్ (మున్సిపాలిటీ ఆమోదించిన ప్లాన్) పక్కన పెట్టి చూడండి. ప్లాన్‌లో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ ఐదు ఉండి, మీకు చూపించేది ఆరో అంతస్తయితే వెనక్కి తిరగండి. ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. పర్మిషన్ ఇచ్చేటప్పుడు కట్టడంలో 10 శాతం భాగాన్ని, మామూలుగా కింది అంతస్తుల్లోది, మున్సిపల్ సంస్థకు తనఖా పెట్టించుకుంటారు. ఓసీ (భవనంలో నివసించవచ్చని మున్సిపాలిటీ ఇచ్చే సర్టిఫికెట్) వచ్చాకే విడుదల. బిల్డరు ఓసీ తీసుకోకపోతే ఆ ఫ్లాట్లు అలాగే ఉండిపోతాయి. మీది వాటిలోది కాదని తేల్చుకోండి. ఓసీ తప్పకుండా అడగండి, ప్రాపర్టీ టాక్స్ రసీదు ఓసీకి బదులు కాదు.

ఓనరు లోన్ సంగతి: ఆయన బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటరు (లోన్ మూయడానికి ఎంత కట్టాలో చెప్పేది), వాళ్ల దగ్గరున్న ఒరిజినల్స్ జాబితా తెప్పించండి. మీ బ్యాంకు చెక్కు ఆయన లోన్ ఖాతాకే వెళ్లాలి, ఆయన చేతికి కాదు. అప్పు తీరాక 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వకపోతే బ్యాంకు రోజుకు 5,000 చొప్పున చెల్లించాలని 2023 డిసెంబరు నుంచి ఆర్‌బీఐ రూలుంది. అగ్రిమెంట్‌లో అడ్వాన్సు లక్షకు మించనివ్వకండి. లీగల్ ఒపీనియన్ సరిగా లేక లోన్ రాకపోతే అడ్వాన్సు వెనక్కి అన్న వాక్యం తప్పక ఉండాలి.

టేపు_పట్టండి:
కాగితాలయ్యాక ఫ్లాట్‌కు టేపుతో వెళ్లండి. 1,250 అన్నది సూపర్ బిల్టప్, అందులో అందరూ వాడే మెట్లూ కారిడారూ కూడా కలిశాయి. గోడ నుంచి గోడకు గది గదీ కొలిస్తే 880 నుంచి 940 మధ్య తేలుతుంది. అంతకంటే బాగా తగ్గితే ధర ఆ కార్పెట్ (గోడల లోపలి వైశాల్యం) మీదే మాట్లాడండి. కబోర్డు తలుపులు తీసి వెనక గోడ తడిమి చూడండి, కొత్త రంగు వేసినా చెమ్మ అక్కడ దాగదు. బాత్రూమ్ పైకప్పు మూలలు కూడా. పార్కింగ్‌లో కారు ఒకసారి రివర్స్‌లో పెట్టి చూడండి, పిల్లర్ అడ్డొస్తే తలుపు తెరుచుకోదు.

అసోసియేషన్‌ను ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు అడగండి. ఆ వైపు బోర్లు ఎండాకాలంలో ఏం చేస్తాయో ఆ బిల్లులే చెబుతాయి. వాస్తు గంటసేపు చూసి నీళ్ల సంగతి అడగకుండా వచ్చేవాళ్లే ఎక్కువ. చెరువు దగ్గరైతే హెచ్‌ఎండీఏ ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) మ్యాప్ తీయండి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్నదానికి 9 మీటర్లు బఫర్ (కట్టడాలు కూడని చోటు). 2024లో హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే సంస్థ) వచ్చాక దీన్ని తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

మీ రెండో ఆప్షన్ చెడ్డదేం కాదు, ఖరీదైనది. 80 మీద 5 శాతం జీఎస్టీ మరో 4 లక్షలు, ఓసీ వచ్చిన ఫ్లాట్‌కు అది ఉండదు. రెండేళ్లు అద్దె, లోన్ వడ్డీ రెండూ పక్కపక్కనే నడుస్తాయి. మీ 24 లక్షలకు అది ఆనదు.

కొత్తకాపురం:
అందరికీ థాంక్సండి. ఇంటిపేరు సంగతి మిగిలింది.

లింక్_డాక్యుమెంట్:
పెళ్లయిందని ఇంటిపేరు మార్చి తీరాలన్న చట్టమేదీ లేదు. పాన్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లో ఒకే పేరుండాలి, అంతే. సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరుతో ఉంటే ఆధార్‌నే వెనక్కి మార్చుకోవడం తేలిక. డీడ్‌లో ఆ పేరు రాసి, పక్కన భర్త పేరు వేయించండి. అగ్రిమెంట్ రాసుకోకముందే ఈ పని కానివ్వండి. ధర 50 లక్షలు దాటింది కాబట్టి ఓనరుకిచ్చే ప్రతి చెల్లింపులో 1 శాతం టీడీఎస్ (ముందే కోసే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సింది మీరే, ఇద్దరూ కొంటున్నారు గనుక ఎవరి పాన్ మీద వారు, ఎవరి వాటాకు వారు. పేరు తేడా వస్తే అక్కడ ఇరుక్కుంటారు. ఎన్ఆర్ఐ ఓనరైతే 1 శాతం కాదు, లెక్క వేరు. అడ్వాన్సుకు ముందే ఓనరును అడగండి.

ఎవరి వాటా ఎంతో కూడా డీడ్‌లో రాయించండి. రాయకపోతే సగం సగం అనుకుంటారు. మీ 6 లక్షలు నాన్నగారివి కదా, మీ వాటా ఎంతో మీరిద్దరూ కూర్చుని తేల్చుకుని మరీ రాయించండి.