66 ఇంపాలాకి డిస్క్ బ్రేకులా, పాత డ్రమ్ములేనా?

మిషిగన్ అల్లుడు: మా ఆవిడ వాళ్ల తాతగారు ఫ్లింట్‌లో చెవర్లే ఫ్యాక్టరీలో పనిచేస్తూ 1966లో కొత్త ఇంపాలా కారు కొన్నారు. నాలుగు తలుపులది, 283 వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజన్. ఫ్యాక్టరీ వేసిన సీరియల్ నంబర్లో (ప్లేటు నంబరు కాదు) ఏడో అక్షరం ‘ఎఫ్’, అంటే ఫ్లింట్‌లోనే తయారైన బండి. ఆయన తర్వాత మామగారు నడిపారు. ఇరవై ఏళ్లుగా గ్యారేజీలోనే ఉంది. మూడేళ్లుగా నేనూ మామగారూ కలిసి తుప్పు పట్టిన ఫ్లోర్ రేకులు మార్చాం, ఇంజన్ విప్పి కట్టాం. బ్రేకుల దగ్గర ఆగిపోయాం. మా అబ్బాయికి పదహారు నిండాయి, లైసెన్స్ వచ్చింది. అందుకే ముందు చక్రాలకి డిస్కులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా నొక్కి ఆపేవి) వేయిద్దామన్నాను. మామగారు పాత డ్రమ్ములే (డ్రమ్ము లోపల ‘షూలు’ ఒరుసుకుని ఆపేవి) ఉండాలంటారు. వారం నుంచి ఇంట్లో మాటల్లేవు. మీరేమంటారు?

పాతబండి: డ్రమ్ములే ఉంచండి. ఒకటి మారిస్తే అక్కడితో ఆగదు. ఇవాళ బ్రేకులు, రేపు స్టీరింగు, ఎల్లుండి ఇంజన్. చివరికి మిగిలేది పైన రంగు, లోపల కొత్త బండి.

స్పానర్: డ్రమ్మా డిస్కా అన్నది తర్వాత. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది మాస్టర్ సిలిండర్, 66లో దానికి గది ఒక్కటే. ఎక్కడ ఒక పైపు పగిలినా నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. 67 మోడల్ నుంచి రెండు గదులది వచ్చింది, ముందువి పోయినా వెనకవి పట్టుకుంటాయి. 1968 నుంచి అమెరికాలో అది చట్టం కూడా అయింది. చలికాలం ఉప్పు చల్లే రోడ్ల మీద తిరిగిన బండి మీది. పైపుని పైనుంచి ఉప్పు తింటుంది, లోపల్నుంచి నీరు పట్టిన బ్రేక్ ఆయిల్ తింటుంది. ముందు అది చూడండి.

పాతబండి: అడిగింది డ్రమ్ముల గురించి, మీరు సిలిండర్ దగ్గరికి వెళ్లారు. 1965లో ఒక్క ఏడాదిలోనే ఇంపాలాలు పది లక్షల పైన అమ్ముడయ్యాయి. అన్నిటికీ డ్రమ్ములేగా? అందులో సంసారాలు తిరగలేదా?

గోదారోడు: అప్పుడు ముందు పోయే బండికీ డ్రమ్ములే. ఇప్పుడు ముందున్నది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే బ్రేకులు) బండి, అది టక్కున ఆగుతుంది. మనది ఆగాలి కదా.

సిరి: మీ బండికి హిస్టారిక్ ప్లేటా (పాత కార్లకిచ్చే ప్రత్యేక నంబర్ ప్లేటు)? మిషిగన్‌లో ఆ ప్లేటుతో షోలకీ పరేడ్‌లకీ తప్ప ఊరికే తిప్పుకోవడానికి ఆగస్టు నెల ఒక్కటే.

మిషిగన్ అల్లుడు: మామూలు ప్లేటే అండీ.

పాతబండి: నేను ఊరికే వాదించడం లేదు. మా నాన్నగారు 1972లో చదువుకి ఒహాయో వచ్చి సెకండ్ హ్యాండ్‌లో చెవర్లే వాళ్లదే చెవెల్ కారు కొన్నారు. బాగు చేయించమని ఒక వర్క్‌షాప్‌కి ఇస్తే పద్నాలుగు నెలలు ఉంచుకుని, మమ్మల్ని అడక్కుండా డిస్కులు, బూస్టరు (పెడల్ తొక్కే బలాన్ని పెంచేది) వేసి పాత సామానంతా తుక్కులో పడేశారు. నాన్నగారు ఎక్కి కూర్చుని పెడల్ తొక్కి చూశారు. కాలికి తెలిసిపోయింది. “ఇది వేరే బండిరా” అని తాళం నా చేతికిచ్చి దిగిపోయారు. మళ్లీ ఎక్కలేదు.

స్పానర్: మీ బాధ అర్థమైంది. దానికోసం ఆ పిల్లాడు ప్రాణాల మీదికి తెచ్చుకోవాలా?

పాతబండి: పిల్లాణ్ణి అడ్డం పెట్టుకుని మాట్లాడకండి! మూడేళ్లు చేతులు మసి చేసుకున్న ఆ పెద్దాయన్ని ఇక్కడ ఎవరైనా ఒక్క మాట అడిగారా?

మిషిగన్ అల్లుడు: ఇద్దరూ ఆగండి. ఆ మాట నాకే తగిలింది. నిన్న రాత్రి గ్యారేజీలో ఆయన్నే అడిగాను. ఆయనేం మాట్లాడకుండా గ్లవ్ బాక్స్ తెరిచి చూపించారు. మూత లోపలి వైపు పెన్సిల్‌తో తేదీలు, మైళ్లు వరసగా రాసి ఉన్నాయి. బ్రేక్ షూలు మార్చిన ప్రతిసారీ తాతగారు రాసుకున్నవి. కింద నాలుగు వరసల్లో రాత మారింది, అవి మామగారివి. పద్నాలుగేళ్లప్పుడు నాన్న పక్కన నేల మీద కూర్చుని స్ప్రింగులు తీయడం నేర్చుకున్నారట. “నువ్వు ‘వేయిద్దాం’ అన్నావు. వాడూ నేనూ కూర్చుని చేసుకుందామనుకున్నాను” అన్నారు. మూడేళ్ల పనిలో మా అబ్బాయిని ఒక్కసారి కూడా పిలవలేదు నేను. వాడికి చదువుంది కదా అనుకున్నాను. కానీ నా భయం మాత్రం పోలేదు, ఆ మాటా ఆయనతో చెప్పాను.

స్పానర్: అయితే నాలుగూ డ్రమ్ములే ఉంచి, 67కి వచ్చిన రెండు గదుల సిలిండర్ వేయండి. నాలుగూ డ్రమ్ములున్న బండికి ఇచ్చేదే అడగండి, డిస్కులది వద్దు. బూస్టర్ ఉందో లేదో చూసి ఆర్డర్ పెట్టండి. పైపులన్నీ కొత్తవి. ఖాళీ పార్కింగ్ స్థలంలో వాడితో వంద సార్లు ఆపించాకే రోడ్డెక్కించండి.

పాతబండి: సిలిండర్ మార్చడం కూడా నాకు ఇష్టం లేదు. మారిస్తే పాతది డబ్బాలో పెట్టి తేదీ రాయండి.

సిరి: పాత షూల లైనింగులో ఆస్బెస్టాస్ (ఊపిరితిత్తులకి హాని చేసే పీచు) ఉండొచ్చు. దుమ్ము ఊదొద్దు, తడి చేసి తుడవండి. పిల్లాడికి మాస్కు పెట్టండి.

మిషిగన్ అల్లుడు: శనివారం ఎడమ ముందు చక్రం విప్పుతున్నాం. ముగ్గురం.